ఉద్యానవనము ఖాళీస్థలమా?

చెన్నపురి సెంట్రలు రైల్వే స్టేషనులో దిగిన ప్రయాణికుడు వెలుపలికి వచ్చి పడమటి దిక్కుగా పెద్దవీధి వెంబడి నడచినచో, మొదట రైల్వేవారి కట్టడమొకటి, దాని ప్రక్కన ఎఱ్ఱని యిటుకలతో కట్టిన విక్టోరియా పురమందిరము, దానికావల తెల్లని రిప్పన్ భవనము వరుసగా ఎదురగును. వీని వెనుక వేలకొలది జనము కూర్చుండదగిన క్రీడారంగము కలదు. ఈ కట్టడములన్నియు నిలిచియున్న నేల ఒకప్పుడు ఒకే తోట. దాని విస్తీర్ణము 116 ఎకరములు. దానికి పెట్టిన పేరు పీపుల్స్ పార్కు, అనగా ప్రజల తోట. ఆ పేటకు పార్క్‌టౌను అను పేరును, ఎదుటనున్న రైల్వే స్టేషనుకు పార్కు స్టేషను అను పేరును నేటికిని నిలిచియున్నవి. తోట మాత్రము ఒక మూల తప్ప నిలువలేదు.

ఈ తోటను ఎవరు అపహరించిరని చదువరులు అడుగవచ్చును. దొంగ పట్టా పుట్టించినవారెవరును లేరు. రాత్రికి రాత్రి కంచె జరిపినవారును లేరు. తోటలోని ప్రతి ముక్కయు తీర్మానపూర్వకముగా, పట్టపగలు, ప్రజల కొఱకే యని చెప్పి పుచ్చుకొనబడినది. పుచ్చుకొనినవారిలో ముఖ్యులు ఆ తోటను కాపాడవలసిన నగరపాలకులే. ఆక్రమణదారుని వెడలగొట్టుటకు చట్టమున్నది, పోలీసులున్నారు, పత్రికలున్నవి. కావలివాడే చేను మేయునపుడు ఏమి చేయవలెనన్నది మనము ఇంకను సరిగా ఆలోచింపని ప్రశ్న. చెన్నపురి తోట కథ ఆ ప్రశ్నకు తగిన దృష్టాంతమగుటచేత దానిని కొంత విపులముగా చెప్పవలసియున్నది.

ఆ తోట సర్ చార్లెసు ట్రెవీలియను సంకల్పము. ఆయన 1859లో చెన్నపురి గవర్నరుగా వచ్చెను. ఐర్లండు కరవునాడు ఇంగ్లండు ఖజానా కార్యాలయమునందు కూర్చుండి పిసినితనముతో సాయము కొలిచిన యుద్యోగిగా ఐరిషు ప్రజలు ఆయన పేరును నేటికిని మన్నింపరు. మన దేశమునందు మాత్రము, ఆర్థికమంత్రి విల్సను తలపెట్టిన ఆదాయపు పన్నును ఆయన బహిరంగముగా ప్రతిఘటించెను. అందులకే సంవత్సరమునకు కొంచెము మించిన కాలములో, 1860లో, పదవినుండి వెనుకకు పిలువబడెను. మనుష్యుల చరిత్రములు ఇట్లు చిక్కుముడులుగా నుండును. ఆ స్వల్పకాలములోనే ఆయన కోటవెలుపల, నల్లవారి పట్టణమున కానుకొని, ఎవరైనను వచ్చి తిరుగదగిన విశాలమైన తోట యుండవలెనని తలచెను. గవర్నరుగారి తోటలు, దొరల క్లబ్బుల తోటలు, ధనికుల తోటబంగళాలు అప్పటికే చెన్నపురియం దనేకములు. కూలివానికి, గుమాస్తాకు, పసిబిడ్డలతల్లికి తోట లేదు. పీపుల్స్ పార్కు ఆ కొఱత దీర్చుటకు పుట్టినది.

తోటలో 11 కొలనులు, ఐదున్నర మైళ్ల బాటలు, బ్యాండు వాయించు వేదిక, స్నానపు కొలను ఏర్పడినవి. మ్యూజియము అధికారియైన ఎడ్వర్డు బాల్ఫోరు 1855లో మ్యూజియము ఆవరణలో ఆరంభించిన జంతుశాల కొన్ని సంవత్సరములకే ఈ తోటలోనికి మారి నగరపాలక సంఘపు పోషణలోనికి వచ్చెను. చెన్నపురి సామాన్యజనము మ్యూజియమును చచ్చిన కాలేజీ యనియు, జంతుశాలను బ్రతికిన కాలేజీ యనియు పిలిచెడివారు. కాలేజీ మెట్లెక్కలేని వారికి ఈ రెండే కాలేజీలు. పల్లెలనుండి వ్యాజ్యములకు, వైద్యములకు, పెండ్లిబట్టలకు వచ్చిన తెలుగు కుటుంబములు పులిని చూడక తిరుగుప్రయాణము కట్టెడివి కావు. తోటలో ఏటేట సంత జరిగెడిది. 1886 డిసెంబరు 31న ఆ సంతపందిళ్లకు నిప్పంటుకొని వందలకొలది జనము మడిసిన ఘోరమును ఆనాటి నగరము చిరకాలము మరువలేదు. అంతటి జనము ఒక్కచోట గుమికూడుటయే ఆ తోట వారి జీవితములో ఎంతటి భాగమై యుండెనో తెలుపుచున్నది.

ఇక ముక్కల లెక్క చూతము. మొదటి ముక్క పురమందిరమునకు పోయెను. నగరమునకు సభామందిరము కావలెనని 1882లో ప్రముఖులు సమావేశమై నిశ్చయించిరి. 1883 డిసెంబరు 17న విజయనగర సంస్థానాధీశులు పూసపాటి ఆనందగజపతి మహారాజావారు శంకుస్థాపన చేసిరి. చిషోలము దొర నమూనా గీయగా, తాటికొండ నంబెరుమాళ్లు సెట్టిగారు కట్టిరి. విక్టోరియా రాణి పరిపాలన స్వర్ణోత్సవముల సందర్భమున దానికి ఆమె పేరు పెట్టిరి. తోటలోని నేలను నామమాత్రపు అద్దెకు ధర్మకర్తలకు చిరకాలపు కౌలుగా ఇచ్చిరి. ఈ మందిరము నిష్ప్రయోజనమని మేమనము. 1891లో ధర్మవరము కృష్ణమాచార్యులవారి బళ్లారి సమాజము ఇచ్చట నాడిన నాటకములను చూచియే పమ్మల్ సంబంధ మొదలియారుగారు సుగుణ విలాస సభను స్థాపించిరి. తెలుగు నాటకము తమిళ నాటకమునకు దీపమంటించిన చోటు అది. అయినను ఆ దీపము వెలిగిన నేల తోటనుండి తీసికొన్నదే యని చెప్పక తప్పదు.

రెండవ ముక్క అంగడికి పోయెను. బ్రాడ్వేలోని పాత అంగడి ఇరుకైనదనియు, అశుభ్రమనియు తలచి, కార్పొరేషను అధ్యక్షుడు సర్ జార్జి మూరు 1898లో తోటలో క్రొత్త అంగడికి పునాది వేసెను. 1900 నాటికి మూర్ మార్కెట్టు సిద్ధమయ్యెను. పాతపుస్తకములకై అందులో ఎండనక వాననక తిరుగాడని విద్యావంతుడు చెన్నపురి తెలుగువారిలో అరుదు. పోతన భాగవతమును మిల్లు గ్రంథమును ఒకే గోనెపట్టాపై దొరకిన చోటది. ఆ అంగడి యన్న మాకును ప్రీతియే. ఇట్లు ప్రతి ముక్కయు మనకు ప్రీతియైన దేదో ఒకదానికి పోవుటచేతనే తోట తరుగుచున్నదని ఎవరికిని తోచలేదు.

మూడవ ముక్క కథ మిక్కిలి విచిత్రము. 1909 డిసెంబరులో వైస్రాయి మింటో ప్రభువు నగరపాలక సంఘమువారి సొంత కచేరికి తోటలో మూలరాయి వేసెను. 1913లో భవనము తెరవబడెను. స్థానిక స్వపరిపాలనకు 1882లో తీర్మానము చేసి పేరొందిన రిప్పన్ ప్రభువు పేరు దానికి పెట్టబడెను. 1688లో పుట్టి మన దేశమున నగరపాలక సంఘములలోనెల్ల పెద్దదియని చెప్పుకొనునట్టి సంస్థ, ప్రజలు ప్రజలకొఱకు పాలించుకొనవలెనను సిద్ధాంతమునకు స్మారకముగా, ప్రజల తోటలో ఇల్లు కట్టుకొన్నది! పాలకుల కుర్చీలు వేయుటకు నగరమంతటను మఱొక చోటు దొరకలేదు కాబోలు. ఈ యొక్కదానికి పరప్రభుత్వమును నిందించి ఊరకుందమన్నను వీలులేదు. స్వరాజ్యము వచ్చిన తరువాత తక్కినపని మనమే పూర్తిచేసితిమి.

తోటలోని క్రీడారంగము కార్పొరేషను స్టేడియమను పేరుతో టెస్టుపందెములకు నెలవయ్యెను. 1956 జనవరిలో వినూ మన్కడు, పంకజ రాయి న్యూజీలండుపై మొదటి వికెట్టుకు 413 పరుగులు చేసిన దచ్చటనే. 1993లో దాని స్థానమున జవహర్లాల్ నెహ్రూ క్రీడారంగము లేచినది. 1985లో జంతువులను నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న వండలూరు అడవికి తరలించిరి. మృగముల పక్షమున ఆలోచించినచో అది మంచిపనియే. ఇరుకు బోనులనుండి విశాలమైన చోటికి పోయినవి. కాని అవి ఖాళీచేసిన చోటు మరల కొలనులును చెట్లును కాలేదు. అదే సంవత్సరము మే 30న మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతియయ్యెను. అంగడి కాలిన నేల మరల తోటలో కలియవలసినది. కలియలేదు; రైల్వే కట్టడము లేచినది. తోట కట్టడముగా మారుటకు నూరు దారులున్నవి. కట్టడము తోటగా మారుటకు ఒక్క దారియు మన పురపాలనములో ఏర్పడలేదు. ఇప్పుడు మిగిలినది రిప్పన్ భవనము వెనుకనున్న మై లేడీసు పార్కు అను ఒక మూల. ఒకనాడు పూలప్రదర్శనములకు ప్రసిద్ధికెక్కిన ఆ మూలయే 116 ఎకరముల తోటకు వారసురాలు.

ఈ కథకంతటికిని మూలము ఒక్క మాటలో నున్నదని మా యభిప్రాయము. ఆ మాట 'ఖాళీ'. కట్టడము లేని నేల ఖాళీ నేలయని కచేరీలలో ఒక నమ్మకము స్థిరపడినది. మా చదువరులలో భూస్వాములు పెక్కండ్రు గలరు. వారికి ఈ విషయము బోధింప నక్కరలేదు. బీడు ఖాళీ కాదు, పశువులు మేయును. చెరువుగర్భము వేసవిలో ఎండియున్నను ఖాళీ కాదు, శ్రావణమున దానిపని దానికున్నది. కళ్లము సంవత్సరములో పదినెలలు ఊరకయుండును. దానిలో ఇల్లు కట్టిన రైతును ఊరివారు పిచ్చివాడందురు. పల్లెలో ఇంతటి వివేకమున్నవారమే పట్టణమునకు వచ్చి కౌన్సిలరులము కాగానే, చెట్లు మాత్రమే యున్న సర్వే నంబరును చూచి, ఇక్కడ ఏమియు లేదనుచున్నాము.

మఱొక కారణము డబ్బు. ఏదైన శాఖవారికి నీళ్లటాంకికో, కల్యాణమండపమునకో, వాహనముల నిలుపుదలకో నేల కావలసివచ్చినపుడు ప్రైవేటు భూమిని సేకరింపబోయిన నష్టపరిహారమీయవలెను, వ్యాజ్యములు వచ్చును, సంవత్సరములు గడచును. పార్కుకు ధరలేదు, యజమాని లేడు, వ్యాజ్యము వేయువాడు లేడు. కావున ఇంజనీరుగారి పెన్సిలు పటముమీద దానియొద్దకే పోవును. అదే శాఖ ఆ నేలకు అంగడిధర చెల్లింపవలసి వచ్చినచో, కావలసిన కట్టడమునకు వేఱుచోటు తప్పక కనుగొనును. అవసరము ఎంత గొప్పదైనను, పార్కును ఎన్నుకొనుటకు కారణము ఆ యవసరము కాదు, నేల ఉచితముగా దొరకుటయే. ఈ భేదమును పురపాలకులు ఎన్నడును పైకి చెప్పరు.

చెన్నపురియందే మరి రెండుచోట్లను చూతము. 1920లలో జస్టిసుపార్టీ పాలనమున మాంబలము పెద్దచెరువును పూడ్చి ఒక క్రొత్తపేటను వేసిరి. పిట్టి త్యాగరాయసెట్టిగారి పేర త్యాగరాయనగరమనియు, దాని నడుమ విడిచిన తోటకు ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారిపేర పానగల్ పార్కనియు పేర్లు పెట్టిరి. ఇరువురును తెలుగువారే. చెరువును పూడ్చిన తప్పు వేరు. 2015లోను, 2021లోను ఆ పేట వీథులలో నిలిచిన నీరు తన పాతయింటిని వెదకికొని వచ్చినదే. అయినను ఆ పేటను గీచినవారు ఒక మేలు చేసిరి. వీథులన్నియు వచ్చి కలియుచోట అంగడి పెట్టక తోట పెట్టిరి. పట్టణపు నడిబొడ్డున మిక్కిలి ధరపలుకు నేలను చెట్లకు విడుచుట చిన్న సంగతి కాదు. ఇప్పుడు ఆ తోటలో కొంతభాగము రెండవదశ మెట్రో రైలు స్టేషను పనులకు పోయినది. దీనికి ముందు మొదటి దశలో షెనాయి నగరమునందలి తిరు.వి.క. పార్కు అట్లే మెట్రోకై 2011లో మూతపడి, చెట్లు కొట్టబడి, పది సంవత్సరములకు మించి ప్రజలకు దూరమై, తరువాత క్రొత్తరూపముతో తెరవబడెను.

మెట్రో రైలు వలదని మేమనము. వేలకొలది మోటారులను వీథులనుండి తప్పించు వాహనము నగరపు గాలికి మేలు చేయునదియే. కాని 'తాత్కాలికము' అను మాటను కొంచెము తూచి చూడవలెను. ఐదేండ్ల బిడ్డ ఆటలాడుకొన్న తోట పదిపన్నెండు సంవత్సరములు మూయబడినచో, అది తెరచునాటికి ఆ బిడ్డ కాలేజీలో నుండును. అతని బాల్యమునకు ఆ మూత శాశ్వతమే. అరువదియేండ్ల వృద్ధుని మాట చెప్పనక్కరలేదు. నరికిన వేపకు బదులు నాటిన మొక్క, నీరు పోసి కాపాడినను, నీడనిచ్చుటకు ఒక తరము పట్టును. భూమిలోపల కాంక్రీటు పెట్టె నిలిపి పైన నాలుగడుగుల మన్ను పఱచిన చోట మఱ్ఱియు రావియు ఊడలు దిగవు. పచ్చగడ్డియు పూలకుండీలును పెరుగును. చిత్రపటములో రెండును పచ్చగనే కనుపించును గాని, మే నెల మిట్టమధ్యాహ్నమున వాని క్రింద నిలిచి చూచినవారికి భేదము తెలియును.

న్యాయస్థానములు ఈ విషయమున పురపాలకులకంటె స్పష్టముగా మాటలాడినవి. బెంగుళూరు రాజమహల్ విలాస విస్తరణమునందు పార్కునకై పటములో ప్రత్యేకించిన స్థలమును, ముఖ్యమంత్రి ఆదేశముపై, ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించిరి. ఆసుపత్రి కంటె పుణ్యకార్యమేమున్నదని వాదము. ఆ చుట్టుపట్ల కాపురముండువారు కోర్టుకెక్కిరి. సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పెను. పార్కు స్థలమును మార్చుట పాలకుల దయాధర్మము కాదనియు, పటము ఒకసారి చట్టముగా నిలిచిన తరువాత ఆ స్థలముపై జనులకు హక్కు కలుగుననియు దాని సారాంశము. వ్యాజ్యము వేయుటకు వారికేమి యధికారమన్న ప్రశ్నను కూడ ఆ తీర్పు తీర్చినది. చుట్టునుండు నివాసులకు ఆ యధికారము కలదు.

దీనికంటె మేము గొప్పదిగా నెంచునది లక్నో తీర్పు. అమీనాబాదునందలి అమీనుద్దౌలా పార్కును జనులు ఝండావాలా పార్కందురు. జాతీయోద్యమపు దినములలో అచ్చట పతాకమెత్తి సభలు జరిపినందున ఆ పేరు వచ్చినది. ఆ పార్కు క్రింద భూగర్భమున అంగళ్లు కట్టుటకు లక్నో నగరపాలక సంఘము 1993లో ఒక కట్టడముల కంపెనీతో ఒడంబడిక చేసికొన్నది. టెండరు పిలువలేదు. అలహాబాదు హైకోర్టు 1994లో ఒడంబడికను కొట్టివేసినది. 1999 జూలైలో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచి, అప్పటికే లేచిన కట్టడమును పడగొట్టి పార్కును యథాపూర్వముగా నిలుపుమని ఆజ్ఞాపించినది. కోట్లు ఖర్చుపెట్టితిమని కంపెనీ చేసిన మొఱను వినలేదు. నగరపాలక సంఘము ఆ నేలకు ధర్మకర్త మాత్రమే, ధర్మకర్త సొత్తును అన్యాక్రాంతము చేయరాదు అన్నది ఆ తీర్పునకు మూలసూత్రము. కట్టడము తోటగా మారుటకు దారి లేదని పైన వ్రాసితిమి. ఉన్న ఒక్క దారి ఈ సుప్రీంకోర్టు గుమ్మముగుండా పోవునది.

ధర్మకర్తయను మాట మనకు క్రొత్తది కాదు. దేవునిమాన్యమును ధర్మకర్త అమ్ముకొనినచో ఊరు ఊరుకొనదు. గుడి ఆదాయము పెంచుటకే మాన్యములో సినిమాహాలు కట్టించితినని అతడు చెప్పుకొన్నను ఊరుకొనదు. దీపారాధనకై యిచ్చిన భూమి దీపారాధనకే యుండవలెను. పార్కు విషయమున ఇదే నియమము వర్తించునని మన పెద్దమనుష్యులకు తోచకపోవుట వింత. కాగా చట్టములు లేకపోలేదు. తమిళదేశమున పార్కుల, ఆటస్థలముల సంరక్షణకై 1959లోనే చట్టము వచ్చినది. ఉత్తరప్రదేశమున 1975లోను, కర్ణాటకమున 1985లోను వచ్చినవి. 1992నాటి 74వ రాజ్యాంగ సవరణముతో చేర్చిన పండ్రెండవ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలములు పురపాలక సంఘముల పనులలో ఒకటిగా పేర్కొనబడినవి. ఇట్టి చట్టములలో ప్రాణమువంటి యంశము జాబితా. ఏ పార్కు, ఏ సర్వే నంబరు, ఎన్ని గజములు, నాలుగు హద్దులెవ్వి యని వ్రాసి, పటముతో ప్రకటింపవలెను. జాబితాలేని పార్కు దస్తావేజు లేని భూమివంటిది. దానిని కాపాడుమని కోర్టులో అడుగుటకు కూడ కష్టము.

తెలుగు పట్టణములమాట చెప్పవలెనన్న, మనకు ట్రెవీలియను లేడు. మన పార్కులు చాలవఱకు లేఅవుటులనుండి పుట్టినవి. పొలమును ఇండ్లస్థలములుగా విభజించునపుడు, సాధారణముగా నూటికి పదివంతుల నేలను బహిరంగస్థలముగా విడిచి, దానపత్రము వ్రాసి పురపాలక సంఘమునకో పంచాయతీకో అప్పగింపవలెనన్న నియమము చాలకాలముగా నున్నది. ఇచ్చట మా చదువరులకు కొంత నిష్ఠురముగా తోచినను ఒకమాట చెప్పవలెను. ఈ లేఅవుటులు వేయువారు పరాయివారు కారు, మన భూస్వాములే. ఆ పదివంతుల నేలను కొలిచి విడుచునపుడు ఊరి వాగు ఒడ్డునో, విద్యుత్తంతుల క్రిందనో, త్రికోణాకారమున మిగిలిన ముక్కగనో విడుచుట పరిపాటియైనది. ఇండ్లు కొనువారికి చూపిన పటములో అది పార్కు. పది సంవత్సరములు గడచిన తరువాత అందులో ఒక మూల గుడి, ఒక మూల సంఘపు కచేరి, ఒక మూల నీళ్లటాంకి. గుడిని ఎవరును కదిలింపలేరని తెలిసియే ముందుగా గుడి కట్టుదురు. దేవునికి ఇందులో పాపము అంటదని ఆశింతము. హైదరాబాదున 2024లో స్థాపితమైన హైడ్రా చెరువులను, లేఅవుటు పార్కులను ఆక్రమణలనుండి విడిపించుట తన పనిగా పెట్టుకొన్నది. ప్రైవేటు ఆక్రమణదారుని విషయమున అట్టి సంస్థ యుపయోగము కాదనలేము. నగరపాలక సంఘమే తన పార్కులో అంగళ్ల వరుస కట్టినపుడు ఏ సంస్థ వచ్చి అడ్డుపడునో చూడవలసియున్నది.

పార్కు నేల నిలిచినంతమాత్రమున పార్కు నిలిచినట్లు కాదు. దాని నడపుడును చూడవలెను. అనేక నగరములలో పార్కు గేటు తెల్లవారుజామున కొన్ని గంటలు, సాయంకాలము కొన్ని గంటలు తెరచి, నడుమ తాళము వేయుదురు. అనగా ప్రొద్దుట ఆరోగ్యమునకై నడచు పింఛనుదారులకు, సాయంకాలము పిల్లలతో వచ్చు గృహస్థులకు అది అనుకూలము. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు రిక్షా త్రొక్కి, మన్ను మోసి, ఇంటింటికి సరకులందించి అలసినవానికి, ఏ నీడ మిక్కిలి యవసరమో ఆ నీడకు, తాళము. వానిని లోనికి రానిచ్చినచో నిద్రించును, సోమరులు చేరుదురు అందురు. నిద్రించిననేమి? చెట్టు పుట్టినది అందులకు కూడనే. నిర్వాహకులు చెప్పు తక్కిన భయములకు ఇద్దరు కావలివాండ్రు చాలుదురు. వారి జీతము, గేటువద్ద నిలిపిన ఫౌంటెనుకు అయిన ఖర్చుకంటె తక్కువగనే యుండును.

ఆ ఫౌంటెనులమాట కూడ వ్రాయుదుము. పార్కులకు డబ్బు మంజూరగుట రెండురీతులుగా నున్నది: క్రొత్తగా కట్టుటకు డబ్బు వచ్చును, ఉన్నది కాపాడుటకు రాదు. కట్టినదానికి శిలాఫలకముండును, ప్రారంభోత్సవముండును. నీరుపోసినదానికి ఏ ఫలకమును లేదు. కావున రంగురాళ్ల బాటలు, సిమెంటు జింకలు, వ్యాయామయంత్రములు, పేరు వ్రాసిన పెద్ద యక్షరములు ఏటేట వచ్చుచుండును. తోటమాలి మాత్రము కాంట్రాక్టరు క్రింద, ఒక్కడే రెండు మూడు పార్కులు చూచుకొనుచు, ఏ నెల జీతము ఏ నెలకు వచ్చునో తెలియక పనిచేయుచుండును. వాని తండ్రి అదే పనిని మునిసిపాలిటీ నౌకరుగా చేసి, ఏ చెట్టుకు ఎప్పుడు పాదు తీయవలెనో యెఱిగియుండెను. ఆ విద్య కాంట్రాక్టు కాగితములో లేదు. సిమెంటు పఱచిన ప్రతి గజమును వాననీటిని భూమిలోనికి ఇంకనీయక వీథిలోనికి నెట్టుననియు, చెట్టు మొదటి చుట్టు సిమెంటు బిగించినచో ఆ చెట్టు గాలివానకు మొదట పడుననియు ఇంజనీర్లకు తెలియనిది కాదు.

కావున మేము పురపాలక సంఘములను అడుగునవి కొద్ది. ప్రతి పట్టణమునందును పార్కుల జాబితాను సర్వే నంబర్లతో, హద్దులతో, విస్తీర్ణముతో వార్డు కచేరి గోడకు అంటింపవలెను. ఆ హద్దులను ఆ పార్కు గేటువద్దనే రాతిమీద చెక్కింపవలెను. ఏ ప్రజాప్రయోజనమునకైనను పార్కు నేల తప్పనిసరియైనచో, మొదటి ఇటుక వేయకమునుపే అదే వార్డులో అంతే నేలను కొని తోటగా అప్పగింపవలెను. దొరకనిచో ఆ పని మానుకొనవలెను. తాత్కాలికముగా మూసిన పార్కునకు తెరచు తేదిని ముందుగా ప్రకటించి, దాటిన ప్రతి దినమునకు ఆ కంట్రాక్టరు పరిహారము చెల్లించునట్లు ఒడంబడికలో వ్రాయవలెను. మధ్యాహ్నము గేటు తీయవలెను.

కౌన్సిలులు ఇవి తమంత చేయునని మాకు భ్రమలేదు. లక్నోలోను, బెంగుళూరులోను కదిలినది కౌన్సిలు కాదు, దరఖాస్తు వ్రాసి సంతకము పెట్టిన పౌరులు. మా చదువరులు తమ తమ వార్డులలోని పార్కును ఒకసారి నడచి, లేఅవుటు పటముతో పోల్చి, పటములోని గజములును నేలమీది గజములును సరిపోవునో లేదో చూచి మాకు వ్రాయుదురు గాక. సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయలతో దానపత్రపు నకలును అడుగవచ్చును. పట్టణము పేరు, వార్డు, సర్వే నంబరు, నేడు అందులో ఉన్న కట్టడములు స్పష్టముగా వ్రాసిన లేఖలను పట్టణములవారీగా ఈ పుటలోనే ప్రకటింతుము.